ప్లస్ ఒకటి

షరాఫ్ బజారు వెనక సందులో
స్టూడియో మూసేస్తా మహబూబ్ బాషా
కెమెరా నా చేతిలో పెట్టినాడు.
"తొమ్మిది వేలు. బ్యాటరీ ఒకటే నిలబడదు,
తక్కిందంతా నీ కన్నే."

ఇరవై రెండేండ్లుగా
ఆదోని యార్డులో పత్తి చూస్తాండా.
బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి దించి
పిడికెడు లాగి, పింజ సాగదీసి,
ఎండకు పట్టి ధర చెప్తా.
తెలుపంటే నాకు ఒక రంగు కాదు.
తొలి ఏరుడు తెలుపు,
వాన తాకిన తెలుపు,
ఇంట్లో మూడు నెలలు దాచిపెడితే
ధర కోసం కాచుకొని కాచుకొని
అలిసిపోయిన తెలుపు.

కెమెరాకు అదంతా బూడిద.

మొదటి ఆదివారం తొంభై ఆరు తీసినా.
నా పెండ్లాము చూసి
"ఏ వంకలోది ఈ ఇసుక?" అనింది.
రోషం వచ్చింది.
కౌడీ పత్తిని కూడా
ఏ రైతు ముందరా నేనంత మాట అన్లేదు.

బాషాను అడిగితే నవ్వినాడు.
"దానికి తెలుపు తెలీదప్పా.
వెలుగు ఎక్కువైతే బెదిరి కన్ను ముడుస్తాది.
పక్కన చిన్న చక్రం ఉండాదే,
ప్లస్ ఒకటికి తిప్పు.
ఎద్దు మెడ నిమిరినట్ల అనుకో."

ఇంగ వారం రోజులు నేనే రాజును.
లారీ మీద పత్తి, పట్ట కింద పత్తి,
కాటా పళ్లెంలో ఒంటరిగా వాలిన ఒక్క పోగు.
మనుషులెవరూ లేరు నా ఫోటోల్లో.
ఆ సంగతి నాకు తట్టను కూడా లేదు.

కౌడీ ఏరే ఉరుకుందమ్మ వచ్చి నిలబడింది.
"సారూ, పాస్‌పోర్టు సైజు కావల్ల.
పింఛను కాగితాలకంట.
వెనక తెల్లగా ఉండల్లంట."

తెల్లగోడ యాడుంది యార్డులో?
మిల్లు గోడ నిండా పాన్ ఉమ్ములు,
ఎప్పటివో ఎలక్షన్ గుర్తులు.
పత్తి కుప్ప ముందర నిలబెట్టినా.
కొంగు సర్దుకునింది. ముక్కుపుడక తిప్పుకునింది.
రెప్పల మీద దూది తుడుచుకోమంటే
"అది పోదులే, రెప్పలతోనే పుట్టింది" అనింది.

నొక్కినా.
వెనక పత్తి ప్రతి పోగూ తెలుస్తాంది.
మొదటి రకం. క్వింటాలు ఎంతో
ఫోటో చూసే చెప్పొచ్చు.
ముందర నల్లగా ఒక ఆకారం.
ముక్కుపుడక మెరుపు తప్ప
ఉరుకుందమ్మ లేదు.

తెర మీదికి వంగి చూసింది.
"పత్తి బాగొచ్చింది" అనింది, అంతే.

ఇన్నేండ్లు నేను చెప్పిన మాటే.
ఆమె నోట వింటే ఎట్లనో అయింది.

చక్రం తిప్పినా. ఒకటిన్నర.
రెండు దగ్గర వేలు ఆగింది.
ఇంకో గడి తిప్పితే పింజ పోతాది,
రకం పోతాది,
నా కన్ను నేర్చిందంతా
ఒట్టి సున్నమైపోతాది.
తెర మీద కుప్పంతా అప్పుడే
మిణుకు మిణుకుమని కొట్టుకుంటాంది,
పోయింది, పోయింది, పోయింది అని.

పోనీ.

మొగం వచ్చింది.
నొసటి మీద పాత గాటు,
పలచబడిన కనుబొమలు,
రెప్పల మీద దూది పోగులు రెండు.
వెనక గుట్టంత పత్తి మాయమైనా
ఆ రెండూ లెక్కకు దొరికినాయి.

బస్టాండు ముందర జిరాక్స్ అంగట్లో
ఎనిమిది కాపీలు తీయించినా.
ఆరు తీసుకొని రెండు వెనక్కి ఇచ్చింది.
"నీ దగ్గరే పెట్టుకో సారూ.
మా ఇంట్లో ఉంటే పిల్లోల్లు మీసాలు గీస్తారు."

ఇప్పుడు పొద్దున్నే
పిడికెడు పత్తి ఎండకు పట్టినప్పుడు
దాని వెనక ఎవరిదో మొగం, నల్లగా.
ధర చెప్పే ముందర
ఒక గడి సేపు ఆగుతాండా.
ధర మారదు, అది నా చేతిలో లేదు.
బ్యాటరీ కూడా
ఇంకా నిలబడదు.