కొరకున్, కై

గ్రిమ్స్‌బీలో వాన పైనుంచి పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది.
తాళాలు బాగుచేసే కొట్టు మీద మా గది,
కిటికీ సందులోంచి కీబోర్డు మీదా నాలుగు చినుకులు.

లైబ్రరీ వాళ్ల ఫారం ఒకటి వచ్చింది మరమ్మతుకి.
చూపు లేనివాళ్లకి ఇంటికే పుస్తకాలు పంపుతారట,
దానికి పేరు రాయించుకునే ఫారం.
ఐదేళ్లుగా ఉంది.
చూపున్నవాళ్లే నింపుతున్నారు.

వాలిడేటర్‌లో పెట్టాను. నలభై మూడు తప్పులు.
తెరిచిన డివ్ మూయలేదు,
గడియ పెట్టకుండా పనికి పోయినవాడి ఇల్లులా
పేజీ చివరిదాకా బార్లా.
రెండు గళ్లకి ఒకే ఐడీ,
పోస్ట్‌మాన్ ఏ గుమ్మంలో వెయ్యాలి ఉత్తరం?
గడి పక్కన "పోస్ట్‌కోడ్" అన్న మాటయితే ఉంది,
పక్కన ఉంది, అంతే,
బస్సులో పక్క సీటు మనిషిలాగ.

మోరీన్ టాస్కర్ వచ్చి కూర్చుంది పరీక్షకి.
ముప్పై ఏళ్లు రేవులో కాడ్ చేపలు కోసిన చేతులు,
తడిమితే చాలు ముల్లెక్కడుందో తెలిసే వేళ్లు.
ట్యాబ్ నొక్కింది.
"రాయవలసిన గడి. ఖాళీ" అంది యంత్రం.
మళ్లీ నొక్కింది.
"రాయవలసిన గడి. ఖాళీ."
"ఖాళీయే, కాదన్నానా," అంది మోరీన్,
"ఎవరి ఖాళీ? ఏం పెట్టాలి అందులో?"
కాసేపాగి యంత్రం
ఎర్రగా ఉన్నవి తప్పనిసరి అని చదివింది.
ఆవిడ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

రేపల్లెలో ఏడో తరగతి గుర్తొచ్చింది,
చతుర్థి దగ్గర ఎప్పుడూ తడబడేవాణ్ణి.
సోమిదేవమ్మ టీచరు స్కేలు బల్ల మీద కొట్టి
"కొరకున్, కై! ఎవరి కొరకురా? అది చెప్పకపోతే
నీ వాక్యం గాల్లో వేలాడుతుంది" అనేది.
ఇన్నేళ్లకి ఇక్కడ, ఈ చలిలో,
లేబుల్‌కి ఫర్ రాస్తుంటే
విభక్తి పెడుతున్నట్టే ఉంది.
ఈ మాట ఆ గడి కొరకు.
ఈ పేరు ఆ ఖాళీకై.

రెండు రోజులు పట్టింది.
డివ్‌లన్నీ మూశాను, ఐడీలు విడదీశాను,
రాయడం మొదలెట్టగానే మాయమయ్యే బూడిదరంగు సూచనల్ని
గడి బయటికి తెచ్చి నిలబెట్టాను,
ఎరుపు చెప్పే సంగతి మాటల్లో పెట్టాను.
ఇంటిపేరు మూడక్షరాలకి తక్కువుండకూడదన్న నియమం తీసేశాను.
(మా ఇంటిపేరు ఈ. ఒక్కటే అక్షరం.
ఈ దేశంలో ఎన్ని ఫారాలు నన్ను తప్పన్నాయో!)

తప్పులు: సున్నా.
పచ్చటి గీత.
టీ పెట్టుకుని మోరీన్‌ని పిలిచాను.

ట్యాబ్. "పేరు." రాసింది.
ట్యాబ్. "ఇంటిపేరు." రాసింది.
ట్యాబ్. "ఫోన్ నంబరు." రాసింది.
"పోస్ట్‌కోడ్ సరిగా లేదు" అంది యంత్రం.
"నేనింకా పోస్ట్‌కోడ్ చెప్పందే!" అంది మోరీన్.

చూశాను. రెండు లేబుళ్లు తారుమారు.
దీని కొరకు అన్నది దానికై పోయింది.
విభక్తి ఉంది, వ్యాకరణం నిక్షేపంగా ఉంది,
వాక్యమే అబద్ధం.
వాలిడేటర్‌కి అబద్ధం తెలీదు.
ముల్లు తెలిసిన వేళ్లకి తెలిసింది.

సరిచేసేసరికి టీ చల్లారింది.
ఆవిడ మళ్లీ మొదట్నుంచీ వచ్చింది,
ఒక్కో గడీ తనెవరో చెప్పుకుంటుంటే
మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగినట్టు దిగింది.
చివరి గడి: ఎలాంటి పుస్తకాలు ఇష్టం?
బయట ఆ అడ్డవాన అలాగే కురుస్తోంది.
మోరీన్ రెండు చూపుడువేళ్లతో, తీరిగ్గా,

ఏదైనా ఫర్వాలేదు,
చేపలు మాత్రం ఉండకూడదు

అని రాసి
పంపించు నొక్కింది.