పోనూ రానూ

"ఆటోవాడు పోనూ రానూ కిరాయి అడుగుతడు,
ఊరు మాత్రం సగం దూరంలనే ఉంటది.
రాడార్ అంటే గంతే"
అన్నాడు ముర్తుజా సార్ మొదటి రోజు,
బేగంపేటలో గోపురం మెట్ల మీద
చాయ్‌ని సాసర్‌లోకి వంపుకుంటూ.

మైక్రోసెకనుకు మూడువందల మీటర్లు.
అందులో సగం పోవడానికి, సగం రావడానికి.
నా తొలి లెక్కలో సగం చేయడం మరిచి
షామీర్‌పేట వానను గజ్వేల్‌కు పంపేశాను.
సార్ ఏమీ అనలేదు.
ఉస్మానియా బిస్కెట్ సగానికి విరిచి
నా కాగితం మీద పెట్టాడు.

మొన్న చైత్రంలో, రాత్రి పదకొండు దాటాక
తూర్పున ఒక మరక.
ఆలస్యం రెండువందల మైక్రోసెకన్లు.
అరవై కిలోమీటర్లు. సగం. ముప్పై.
ఘట్‌కేసర్ దాటి, బీబీనగర్ చేరకముందే.
కిటికీ తీసి చూస్తే
అటు మెరుపన్నదే లేదు.

ఫోన్. మలక్‌పేట గంజ్ నుంచి బుగ్గయ్య.
"అమ్మా, మొగులు వట్టిందా?
మిర్చి కుప్పలు బయటనే ఉన్నయి.
పట్టాలు కప్పాల్నంటే హమాలీలను లేపాలె,
ఇప్పుడే కన్నంటుకున్నరు."
ఒక్క నిమిషం, అన్నాను.

కేక వేసి, జవాబు రాకముందే
ఇంకో కేక వేస్తే
వచ్చిన జవాబు ఏ కేకదని?
మా కేకలు సెకనుకు వెయ్యి.
ఇది అంతకుముందు దానికి జవాబైతే
ఆలస్యం రెండువందలు కాదు,
పన్నెండువందలు.

కేకకూ కేకకూ నడుమ ఎడం మార్చాను.
మౌలాలి గుట్ట ఉన్నచోటే ఉంది.
మరక జరిగింది,
అడిగే తీరు మారగానే
మాట మార్చిన సాక్షిలా.

మూడువందల అరవై. సగం.
నూట ఎనభై.
ఖమ్మం.

"పండుకోండి బుగ్గయ్యా, మనకు కాదు."
అవతల నవ్వు, ఆ వెంటనే దగ్గు.
లాగ్‌బుక్కులో రాశాను:
తూర్పున దొంగ ప్రతిధ్వని, లెక్కలోకి రాదు.

పెన్ను మూత పెట్టబోతుంటే తట్టింది.
ఖమ్మంలోనూ మిర్చి యార్డు ఉంది.
ఈ నెలలో అక్కడా కుప్పలు బయటే.
చెడగొట్టు వాన.
నేను తెరమీద తుడిచేసిన చోట
ఎవరో ఒకామె చీకట్లో పట్టా అంచు పట్టుకుని
గాలి అటు లాగితే
తను ఇటు లాగుతూ ఉంటుంది.

ఆ యార్డు నంబరు నా దగ్గర లేదు.
ఉన్నా, అక్కడ పడుతున్న వాన సంగతి
ఇక్కడినుంచి నేనేం చెప్పను?

"దొంగ" కొట్టేసి
"దూరపు" అని రాశాను.
పొద్దున సార్ అడుగుతాడు
ఇదేం మాట, ఏ పుస్తకంలో ఉందని.