మూడో గుంట

వెరిబీ మట్టికి
మా డిపో కాగితాల్లో ఒక అక్షరం, ఒక అంకె.
నేను రేగడి అంటాను.
నోరు తిరక్క డార్సీ 'రెగ్గీ' అంటాడు.
ఇప్పుడు ఫారాల్లో తప్ప అందరికీ అది రెగ్గీయే.

జనవరి ఎండకి నెర్రెలు విచ్చి
పార పిడి పెడితే సగందాకా మింగుతుంది.
జూన్‌లో నాలుగు చినుకులు పడగానే
పెదవులు బిగించేస్తుంది.
ఇక ఎంత కురిసినా
వినదలుచుకోని మనిషికి చెప్పిన మాటల్లా
నీళ్లు పైపైనే జారిపోతాయి,
రోడ్డు మీది నూనెనీ, సిగరెట్ పీకల్నీ,
ఎవరిదో టెన్నిస్ బంతినీ వెంటేసుకుని
కాలవలోకి, అక్కణ్నించి ఏట్లోకి.
దారిలో జోజెట్ ఫరూజా గారి గరాజ్ ఉంది.

మూడేళ్ల కింద ఆవిడ ఇంటి ముందు గుంట తవ్వాం.
వానతోట అని బోర్డు కూడా పాతాం.
మొదటి వాన పదకొండు రోజులు నిలిచింది.
పన్నెండో రోజు ఆఫీసుకి ఫోను:
"బాతుల్ని ఎప్పుడు తెస్తున్నారు?"

ఈసారి బొగ్గు.
పార్కుల్లో నరికిన కొమ్మల్ని
ఇనప పీపాలో కుక్కి, మూత బిగించి
ఊపిరాడనివ్వకుండా కాల్చాం.
గాలి తగిలిందా, బూడిదే.
బూడిదలో పోసిన పన్నీరంటే
నా భాషలో వృథాకి మారుపేరు.
బొగ్గులో పోసిన వానకి సామెత లేదు.
ఎవరూ పోసి చూడలేదేమో.

ఒక ముక్క తీసి డార్సీ నాలికకి ఆనించాడు.
అతుక్కుపోయింది.
నల్లటి నాలికతో "దాహం దీనికి" అన్నాడు.
నేను విరిచి చూశాను:
చెట్టు నీళ్లు తాగిన గొట్టాలన్నీ
ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.
చెట్టే లేదు.

ఎండుబొగ్గుని అలాగే వేస్తే
మొక్కల నోటి దగ్గరది లాక్కుంటుంది.
అందుకని ఆరు వారాలు చివికిన ఎరువులో నానబెట్టాం.
తొమ్మిది తోపుడుబళ్ల మట్టికి ఒక బండి బొగ్గు.
చెప్పడానికి తేలికే.
రేగడి తడిస్తే పారని వదలదు, ఆరితే పారని రానివ్వదు.
అదునూ పదునూ కలిసిన నాలుగు రోజులు
ఏప్రిల్‌లో దొరికాయి.
అందులో రెండు సెలవులు.
మిగిలిన రెండు రోజుల్లో నా నడుం
పిసుకుతున్న మట్టిలో కలిసిపోయింది.

జులైలో ఉక్కు రింగు దిగ్గొట్టి
నీళ్లు పోసి, స్కేలు నిలబెట్టి, గడియారం నొక్కాను.
బొగ్గు వెయ్యని రెండో గుంట: గంటకి మూడు మిల్లీమీటర్లు.
మూడో గుంట: పంతొమ్మిది.
నమ్మక మళ్లీ పోశాను.
ఇరవై.
తూర్పు మూల మాత్రం నాలుగే.
అలిసిపోయిన సాయంత్రం సరిగ్గా కలపలేదో,
కింద రాయి ఉందో, తెలీదు.
రిపోర్టులో సగటు రాశాను.
సగటు ఎవరినీ నిద్ర లేపదు.
ఆ మూల నన్ను లేపుతూనే ఉంది.

మొన్నటి రాత్రి ఎడతెగకుండా కురిసింది.
తెల్లారకముందే వెళ్లేసరికి
ఫరూజా గారు గొడుగూ టార్చీ పట్టుకుని
చెప్పుల్లేకుండా గుంట అంచున నిలబడి ఉన్నారు.
గరాజ్ వైపు చూడబోయాను.
"ఇక్కడ. వినండి."

ముందు గొడుగు మీద వాన తప్ప ఏమీ వినిపించలేదు.
తర్వాత, దాని కింద,
బుడగలు.
మట్టిలోని గాలి ఒక్కొక్కటిగా పైకొచ్చి
చిటుక్కున పగులుతోంది.
వదిలిన ప్రతి చోటికీ నీరు దిగుతోంది.

"బాతులు రావన్నమాట," అన్నారావిడ,
కొంచెం నిరాశగానే.

తూర్పు మూలలో అరచేయంత నీరు.
అందులో ఆ టెన్నిస్ బంతి.
నేను మోకాళ్ల మీద కూచుని
స్కేలు తీశాను.