ఐదువందల మాటల్లో ఒక ఓటమి

కుతైసీలో, రొట్టెల కొట్టు మీది గదిలో
నేను లెక్కలు చెబుతాను.
చలికాలం మాకు కట్టెల ఖర్చు లేదు.
కింది పొయ్యి వేడి పలకల సందుల్లోంచి వచ్చి
పిల్లల మడమల్ని పట్టుకుంటుంది.

పదిహేడో ఏట, ఒక అక్టోబరు సాయంత్రం, లమారా
పిండి సంచి కాగితం చింపి, దాని మీద స్కేలుతో
పదేళ్ళు గీసుకుని వచ్చింది.
మొదటి నాలుగు గళ్ళు టిబిలిసిలో అర్థశాస్త్రం.
తర్వాత మూడు ఉద్యోగం. ఎక్కడో ఇంకా తెలియదట,
రెండో ఏడు ప్రమోషన్ మాత్రం ఉంది.
ఎనిమిదో గడిలో ప్రవేశ పరీక్ష, వచ్చే మార్కులతో సహా.
తొమ్మిది, పది: బిజినెస్ స్కూలు.
ఆ మాట ఎర్ర సిరాతో, రెండుసార్లు దిద్ది.

ఆలూ లేదు చూలూ లేదు,
కొడుక్కి అప్పుడే ప్రమోషన్ అనుకున్నాను.
పైకి, "గళ్ళు సమానంగా గీశావు" అన్నాను.

మేనత్త త్సియాలా పిండి చేతులతో పైకొచ్చింది.
కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి
"ఇందులో నువ్వు నిద్రపోయేది ఏ ఏడు?" అంది.
తర్వాత సంచి చింపినందుకు తిట్టింది.

బతుకు గళ్ళ ప్రకారం నడవదని చెబితే
వినేవాళ్ళు తలూపుతారు.
కానీ నడిచింది. అదే విచిత్రం.
నాలుగేళ్ళకి పట్టా. పోతీ రేవులో
కంటెయినర్ల లెక్కలు చూసే కొలువు.
రెండో ఏడే ప్రమోషన్.
పరీక్షలో, గడిలో రాసినదానికన్నా
నాలుగు మార్కులు ఎక్కువ.

మార్చిలో, వాన పడుతున్న రాత్రి,
ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నా తలుపు తట్టింది.
"మాస్టారూ, నాకొక ఓటమి కావాలి."

దరఖాస్తులో మూడో ప్రశ్న అది.
మీరు ఓడిపోయిన సందర్భం, దానివల్ల నేర్చుకున్నది.
ఐదువందల మాటలు మించరాదు.

ఇద్దరం వెతికాం.
ఈత పందెంలో రెండో స్థానం?
అది ఓటమి కాదు, వెండి పతకం.
బతూమీ బస్సు తప్పిపోవడం?
అది బస్సు తప్పు.
నా దగ్గర కావలసినన్ని ఉన్నాయన్నాను:
సగంలో ఆగిన పరిశోధన, పూర్తిగా ఆగిన పెళ్ళి,
కరెంటు లేని ఏళ్ళలో తెరిచి మూసేసిన గడియారాల కొట్టు.
ఏది కావాలంటే అది అరువు తీసుకోమన్నాను.
"వడ్డీ ఎంత?" అంది.
చాలాసేపు నవ్వాం. పేజీ మాత్రం ఖాళీగానే ఉంది.

మూడు గంటలకి కింద పొయ్యి రాజేశారు.
త్సియాలా గొంతు మెట్లెక్కి వచ్చింది:
భుజం పట్టేసింది, ఎవరైనా చెయ్యి వెయ్యండి.

ఆ పొయ్యి పక్కనే పెరిగిన పిల్ల
ఒక్క రొట్టె కూడా వేసి ఎరగదు.
బావిలా నోరు తెరిచిన మట్టి పొయ్యి, అడుగున నిప్పు.
పడవలా సాగదీసిన పిండిని
నడుం దాకా లోపలికి వంగి
గోడకి చరవాలి. అంతే.

మొదటిది నిప్పుల్లో పడింది.
రెండోది కూడా.
మూడోది కాసేపు నాలుకలా వేలాడి
మనసు మార్చుకుంది.
త్సియాలా ఏమీ అనలేదు.
ఇనుప కొక్కెంతో తీసి పక్కన పడేసింది,
ఇంకో ముద్ద అందించింది.
మెట్ల మీద నిలబడి నేను లెక్కపెడుతున్నాను,
అలవాటు కొద్దీ.

తెల్లారేసరికి లమారా కనుబొమ సగం కాలింది.
ముంజేతి మీద ఎర్రని చార, స్కేలుతో గీసినట్టు.
ఏం నేర్చుకున్నావని నేను అడగలేదు.
ఆమె పైకొచ్చి కీబోర్డు ముందు కూర్చుంది.
అక్షరాల మీద పిండి.

ఏం రాసిందో నాకు చూపలేదు.
స్కూలు వాళ్ళు ఏమన్నదీ
మే నెల దాకా తెలియదు.

నేను కిందికి దిగి రొట్టె కొన్నాను,
ఒక పక్క మాడినది, పూర్తి ధర ఇచ్చి.
గల్లాపెట్టె పక్కన త్సియాలా ఖాతా పుస్తకం తెరిచి ఉంది.
పాత బాకీల కింద, పెన్సిలుతో,
తడి ఆరని వేలిముద్ర పక్కన:
లమారా. ఏడు. బొగ్గు.