నీరుగారకుండా

మొదటిసారి చక్కెర వేయలేదు.
సీసాల అడుగున మందు
జిగురు చెక్కులా ముడుచుకుంది.
నీళ్లు పోసి ఎంత కుదిపినా
గుళికలు ఒకదాన్నొకటి వదల్లేదు.
ఎందుకిలా అయిందని ప్రొఫెసర్ అడిగితే
నేను నీళ్లు నమిలాను.

నెల్సీ నమల్లేదు.
ముప్పై ఏళ్లుగా ఆ యంత్రానికి కాపు ఆమె.
"ఎండబెట్టడం మావాళ్లకి కొత్తా, థైనా?" అంది
మాతే గొట్టం పెదాల మీంచి తీయకుండానే.
ఇదే పెలోటస్‌లో, వాగు ఒడ్డున,
ఆమె ముత్తవ్వ తల్లి
గొడ్డుమాంసం పలకలకి ఉప్పు రాసేది,
అరచేతులు పగిలి, పగుళ్లలోకీ ఉప్పు దిగేదాకా.
కూలి లేదు.
ఇంటిపేరు కూడా యజమానిదే.
మాంసం ఓడెక్కి ఉత్తరానికి పోయేది.
ఓడ తిరిగొచ్చేటప్పుడు చక్కెర తెచ్చేది.
"మా ఊళ్లో సందుకో మిఠాయి కొట్టు ఉందంటే
ఊరికే రాలేదు పిల్లా, ఆ తీపి."

ఈసారి నూటికి పది పాళ్లు ట్రెహలోజ్.
కోపాయిబా నూనెని కడుపులో దాచుకున్న గుళికలు,
వెంట్రుక మందంలో మూడొందలో వంతు,
సున్నాకి నలభై డిగ్రీల కింద గడ్డకట్టాయి.
మంచుకి సూదులు మొలిచే వేళ
వాటి చుట్టూ చక్కెర గాజులా బిగుసుకుంది.
ఇక గాలి తోడేయాలి.
మంచు కరగకుండానే ఆవిరవ్వాలి.
నీళ్లు పోవాలి,
నీరుగారకూడదు.
నీళ్లు లేచిపోయిన చోట
చక్కెర కూర్చోవాలి, పొర చెయ్యి పట్టుకుని,
ఎవరూ వెళ్లలేదన్నట్టు.

ఆదివారం రాత్రి మినువానో గాలి.
దీపాలు రెండుసార్లు రెప్పలార్చాయి.
పంపు దగ్గి, మళ్లీ అందుకుంది.
నెల్సీ కోటు మీద కోటు వేసుకుని
జ్వరం చూసినట్టు యంత్రం మూత మీద చెయ్యి పెట్టి
అలాగే కునికింది.

సోమవారం. తెల్లటి దిమ్మలు,
పోసిన ఎత్తుకి వెంట్రుకవాసి తగ్గలేదు.
ఒక చుక్క, ఇంకో చుక్క నీళ్లు.
దిమ్మ నిట్టూర్చి పాలైంది.
పాల అంచున ఆ నీలం, ఆ పాత నీలమే!
అప్పుడు రెండొందల పన్నెండు నానోమీటర్లు,
ఇప్పుడు రెండొందల పంతొమ్మిది.
నేను బల్ల చుట్టూ గెంతాను.

నెల్సీ ఏడో సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తోంది.
మూత ముందే బిగుసుకుంది.
ఆవిరికి దారి లేదు.
"పదకొండు బాగున్నాయిగా, అది రాయకు" అన్నాను.

"ఉప్పు బస్తాల లెక్క రాసినవాడు
చేతుల లెక్క రాయలేదు" అంది.
పెన్ను విదిలించి, రిజిస్టర్‌లో,
గుండ్రటి అక్షరాలతో:
ఏడు. నీరుగారింది. మూత బిగించింది నేను.