తొడిమె

పొద్దుందాక ఏనుమాముల మార్కెట్ల
మిరపకాయల తొడిమెలు తీస్త.
కిలోకింతని కూలి.
బొటనవేలు, చూపుడువేలు
ఘాటుకు మొద్దుబారినయి.
సబ్బుకు పోదు, నూనెకు పోదు.
రాత్రి మరిచిపోయి కన్ను నలిపితె
పొద్దటి బస్తాలన్నీ మళ్ల యాదికొస్తయి.

దసరా ఎల్లినంక
కోల్డ్ స్టోరేజి మిర్చి ఎత్తుకపోను వచ్చిన
సతారా దిక్కు లారీ డ్రైవర్ దత్తు
తడి గోనెల చుట్టి మూడు మొక్కలిచ్చిండు.
నిరుడు జెరమొచ్చి షెడ్డుల పడుంటె
రెండు పూటలు గంజి పోసిన ఆయనకు.
"స్ట్రాబెర్రీ, మావుశీ" అన్నడు.
నాకు నోరు తిరుగలే.

లేబర్ కాలనీల నా రేకుల ఇల్లు.
ముంగట పగిలిన నీళ్ల టబ్బు,
అడుగుకు ఐదు బొక్కలు.
చెరువుమన్ను, మాగిన పెంట,
ఇసుక మాత్రం మేస్త్రి ఉప్పలయ్యను అడుక్కున్న.
మొగి మునిగితె కుళ్లుతది,
పైకి తేలితె ఎండుతది.
పసిపిల్ల మెడ పట్టినట్టు పట్టి నాటిన.
కాయ మన్నుకు తాకొద్దని
కింద వరిగడ్డి పరిచిన.
అప్పటి సంది మా గల్లీల దాని పేరు గడ్డిపండు.

తొలి పూలు గిల్లెయ్యమన్నడు ఫోన్ల,
మొక్క బలం పట్టాలంటె.
తెల్లటి పూలు, నడుమ పసుపు బొట్టు.
రెండు రోజులు ఊకున్న.
మూడోనాడు గిల్లిన.
నా వేళ్లకు గిల్లుడు తప్ప ఏం తెలుసు?

పేను పడ్డది.
తాలు మిరపకాయలు నానబెట్టి
ఆ నీళ్లు చల్లిన. మందు కొనలే.
పికిలిపిట్ట ఒకటి సగం కాయ తిన్నది,
పాత చీర అడ్డం కట్టిన.
దానికీ పాపం, తీపి అంటె ఏందో
నాకన్నా ముందే తెలిసింది.

పుష్యమాసపు చలికి ఎరుపెక్కింది కాయ.
మార్కెట్ల ఎరుపు, ఇంటి ముంగట ఎరుపు.
ముక్కు దగ్గర పెట్టుకుంటె తుమ్ము రాలే,
నమ్మబుద్ధి కాలే.
మెడ కాడ తెల్లగుంటె ఆగుమన్నడు,
పండే వారం నీళ్లు తగ్గియ్యమన్నడు,
కొంచెం దూపైతేనె తీపి పడుతదట.
ఆగిన. నాకు దూప కొత్త గాదు.

కోసే పొద్దు చెయ్యి చాపిన.
తొడిమె ఊడితె పండు చెడుతదట,
తొడిమెతోనే తెంపాలెనట.
ముప్పై ఏండ్ల సంది తీసుడే నేర్చిన వేళ్లు
ఉంచుడు ఎట్లనో తెల్వక
గాలిల ఆగినయి.
పైంగ ఒంటి నిండ కారం.

పక్కింటి రమీజాను పిలిచిన, ఏడేండ్లది.
కత్తెర పట్టుకోని, నాలిక బయటపెట్టి
జాగ్రత్తగ కాడ కత్తిరించింది.
సగం అది కొరికింది,
సగం నా నోట్ల పెట్టింది.
నేను కండ్లు మూసుకున్న,
ఈసారి మంటకు గాదు.

మిగిలిన పచ్చటి తొడిమెను
నా అరచేతుల పెట్టి అడిగింది:
"నానీ, దీనికెంత ఇస్తరు?"

చెప్పలే.
ఎండ ముదురుతుందని
టబ్బును సూరు నీడకు జరిపిన.