కర్మణి వాక్యం

భోలక్‌పూర్‌ల మా బడికి రెండు గదులు ఎక్కువ.
అయిదు అయిపోయినంక ఆరు, ఏడు.
కాగితాల మీద ప్రాథమికోన్నతం అంటరు.
బస్సుల కండక్టర్ ఒక్క క్షణం ఆగి
సగం టికెట్టా, పూర్తి టికెట్టా అని
మొఖంలకు చూసే ఈడు.
హాజరు పిలిస్తే ఫయాజ్ గొంతు
"ఎస్" దగ్గర పిల్లగానిది,
"టీచర్" దగ్గరికొచ్చేసరికి ఇంకెవరిదో.

పుస్తకం రెండు భాషలది.
ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు.
నఫీసా ఇంట్ల ఉర్దూ, జమున ఇంట్ల లంబాడీ,
సస్మిత నాయిన తుక్కు గోదాంల
ఒడియాల కూనిరాగం తీసుకుంట ప్లాస్టిక్ ఏరుతడు.
కుడి పేజీ వాళ్లకెంత దూరమో
ఎడమ పేజీ అంతే దూరం.
మా పాఠం నడిచేది నడుమ,
స్టేపుల్ పిన్ను తుప్పుపట్టిన కాడ.

అయినా ఇంగ్లీషు వాళ్లకు బడికంటె ముందే వచ్చింది,
గోదాంల తలకిందులుగ పేర్చిన
అట్టపెట్టెల మీద.
"ఫ్రాజైల్ అంటే ఏంది టీచర్?"
"పగిలేది."
"లోపల ఏం లేదు కద, ఖాళీ డబ్బా."
చాక్‌పీసు వెతుకుతున్నట్టు
సొరుగు లాగిన.

జూన్‌ల సర్క్యులర్ వచ్చింది:
'నలభై ఒక్కరే ఉన్నందున
ఆరు, ఏడు తరగతులు
ఉన్నత పాఠశాలయందు విలీనం చేయబడును.'
పెంటారెడ్డి సార్ రెండుసార్లు చదివి
కళ్లద్దాలు తుడవబోయి కాగితం తుడిచిండు.

నిజం చెప్పాలె.
అక్కడ ల్యాబు ఉంది.
ఇంగ్లీషు చెప్పేటామె ఇంగ్లీషే చదివింది.
నేను చదివింది జంతుశాస్త్రం.
ఇన్, ఆన్, అట్ —
రాత్రి కంచం ముందర పెట్టుకొని
పిల్లలకంటె ఒక్కరోజు ముందు నేర్చుకున్న.

కాని నడుమ ముషీరాబాద్ పెద్దరోడ్డు ఉంది.
ఆడపిల్లలు పంతొమ్మిది మంది.
ముగ్గురి నాయినలు అప్పుడే అన్నరు,
"అయిదు చాలు తీ."
రెండు మెట్లు తీసేసి ఒక్కటే మెట్టు కడితె
ఖర్చు తగ్గుతది,
ఎక్కేటోళ్ల కాళ్ల పొడుగు
ఏ ఫారంల ఉంటది?

ఆ వారం పాఠం యాక్టివ్, పాసివ్.
రెండు గదులోళ్లను ఒక్క గదిల కూసోబెట్టి
ముందుగల తెలుగుల రాసిన:
గోపి మామిడిపండు తిన్నడు.
మామిడిపండు గోపిచేత తినబడెను.
క్లాసంత నవ్వు.
"గట్ల ఎవరు మాట్లాడుతరు టీచర్!"
జమున లేచి నోటీసు బోర్డు దిక్కు చెయ్యి చూపింది.
"గది మాట్లాడుతది.
చేయబడును, అని.
ఎవరిచేత టీచర్?"

పుస్తకంల ఉన్నదే చెప్పిన:
చేసినోళ్లు తెలియకుంటె,
చెప్పుడు అవసరం లేదనుకుంటె,
'బై' తర్వాతది వదిలేయొచ్చు.

వెనక బెంచీల మధులత గొణిగింది,
"మా అమ్మయితె మూసిండ్రు అంటది."

ఇండ్రు.
పాతికేండ్ల సంది చాక్‌పీసు పట్టిన,
ఆ చిన్న ముక్కల
పేర్లు లేకున్నా మనుషులు నిలబడి ఉన్నరని
నాకెవరూ చెప్పలే.

హోంవర్క్ ఇచ్చిన.
సర్క్యులర్ వాక్యాన్ని ఇంగ్లీషుల పెట్టి
యాక్టివ్‌లకు మార్చాలె, కర్తతోని.

నలభై ఒక్క నోటుబుక్కులు ఇంటికి మోసుకపోయిన.
గవర్నమెంట్ అని ఎక్కువమంది.
సస్మిత 'ద రోడ్' అని రాసింది,
ఎందుకో అడగాలె.
నఫీసా కర్త జాగ ఖాళీగ ఉంచి
చుట్టూత పెన్సిల్‌తోని
అట్టపెట్టె బొమ్మ గీసింది,
బాణం పైకి.

ఫయాజ్ రాసిండు:
'మై టీచర్ విల్ మెర్జ్ ద స్కూల్.'

ఫిబ్రవరిల లెక్కల ఫారం వచ్చినప్పుడు
నలభై ఒకటి అని రాసి,
కింద సంతకం పెట్టి పంపింది నేనే.
వాడు అప్పుడు పక్కనే నిలబడి
నా స్టాంపు ప్యాడు పట్టుకున్నడు.

వాక్యంల తప్పేం లేదు.
స్పెల్లింగు గూడ సక్కగనే ఉంది.
ఎర్ర పెన్నుతోని టిక్కు పెట్టిన.
తర్వాత చానాసేపు
పెన్ను మూత ఎక్కడ పెట్టిన్నో
దొరకలే.